ఏ చప్పుడో అడిగే అక్క

పోయిన నెలలో మా కారు వెనక తలుపు అద్దం సగంలో ఇరుక్కుపోయింది. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా అపార్ట్‌మెంటుకు ఎదురుగా ఉండే మెకానిక్ తలుపు లోపలి ప్యాడ్ ఊడదీసి, టార్చి వేసి మూలమూలా చూశాడు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి ఈ పని ఎవరు చేశారని అడిగాడు. రేకు మీద నాలుగే నాలుగు చోట్ల అరచేయంత నల్లటి రబ్బరు ముక్కలున్నాయి. మూలలు గుండ్రంగా కత్తిరించి, లోపల గాలి చిక్కకుండా రోలరుతో నొక్కినవి. మూడు ఎండాకాలాలు గడిచినా ఒక్క అంచూ లేవలేదు. అడుగున వాననీరు బయటికి పోయే కంతలు మూడూ తెరిచే ఉన్నాయి. అందరూ రేకు కనపడకుండా నింపేస్తారు, ఇతనెవరో పని తెలిసిన మనిషి అన్నాడు మెకానిక్.

అతను కాదు, ఆమె అన్నాను. అతను నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి, ఆమె షాపు ఎక్కడని అడిగాడు. ఆమె చలికాలంలో చనిపోయిందని చెప్పాను.

ఆమె షాపు మా పక్క పేట వైశాలిలో, బ్యాటరీల కొట్టుకూ టైర్ల కొట్టుకూ నడుమ ఉండేది. షట్టరు ఎప్పుడూ సగమే ఎత్తి ఉండేది. లోపల సీటు కవర్లు కుట్టే పెద్ద మిషను, చుట్టలు చుట్టిన ఫోము, గోడకు వేలాడే తలుపుల రబ్బర్లు. యాభై దాటిన మనిషి. పొట్టిగా, చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, మెడలో కొలత టేపుతో ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లు భయ్యా ఎప్పుడొస్తాడని అడిగేవారు. భయ్యా లేడు, నాతో చెప్పండి అని హిందీలో అని, వాళ్లు తేరుకునేదాకా మిషను తొక్కుతూనే ఉండేది. ఆ సందులో అందరికీ ఆమె దీదీ.

కారులో చప్పుడు తగ్గించాలని వచ్చినవాళ్లను ఆమె అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ఏ చప్పుడు? చాలామంది, అంతా చప్పుడేనండీ అనేవారు. అయితే ఒక వారం తిరిగి, ఏ చప్పుడో కనుక్కుని రమ్మని పంపేసేది. సగంమంది తిరిగి వచ్చేవారు కాదు. పక్క షాపు బ్యాటరీ ఆయన, ఇలాగైతే ఎలా దీదీ అని నెత్తి కొట్టుకునేవాడు.

నన్ను మాత్రం పంపేయలేదు. నేను వెళ్లింది చప్పుడు తగ్గించుకోవడానికి కాదు, మరొకరు చేసిన పని పీకించుకోవడానికి.

మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. శబ్దాలు అందరికన్నా ఎక్కువగా వినపడటం, కొన్ని శబ్దాలు ఒంటి మీద దెబ్బల్లా తగలడం తన బాధ. మిక్సీ వేస్తే పక్క గదిలోకి పరిగెత్తేది. కారులో పది నిమిషాలు దాటితే చెవుల్లో వేళ్లు పెట్టుకుని, ముందుకు వంగి, చివరికి వాంతి చేసుకునేది. పెద్ద హెడ్‌ఫోన్లు కొనిచ్చాం. అవి పెడితే తల పట్టేసినట్టుందని ఏడ్చేది. మెట్రోలో అనౌన్సుమెంట్లు ఇంకా కష్టం. దక్షిణ ఢిల్లీలో ఒక కేంద్రంలో తనకు వారానికి రెండుసార్లు చికిత్స. నా భార్య ఆఫీసు ఆర్.కె. పురంలో, కేంద్రానికి దగ్గరే, కానీ ఇందిరాపురం నుంచి అమ్మాయిని అక్కడికి చేర్చడం నా పని. మూడు వారాల్లో నాలుగుసార్లు సగం దారి నుంచి వెనక్కి తిరిగాం. క్రమం తప్పకుండా రాలేకపోతే ఆ సమయం ఇంకో బిడ్డకు ఇస్తామని కేంద్రంవాళ్లు మర్యాదగానే చెప్పారు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. సమస్య వస్తే పట్టిక వేసుకోవడం అలవాటు. వీడియోలు చూసి, ఏ షీటు ఎన్ని మిల్లీమీటర్లు, ఎక్కడ ఎన్ని పొరలు అని ఒక ఎక్సెల్ తయారు చేసుకుని ఢిల్లీలో ఒక పెద్ద షాపుకు పట్టుకెళ్లాను. వాళ్లు ఒక్కరోజులో తలుపులు, నేల, డిక్కీ మొత్తం నల్లటి షీట్లతో నింపి ఇచ్చారు. అది ఏప్రిల్. మే వచ్చేసరికి కారు తలుపు తీస్తే కొత్తగా వేసిన రోడ్డు వాసన. మా అమ్మాయి ఇప్పుడు పది నిమిషాలు కాదు, ఎక్కడానికే ఒప్పుకోలేదు. ఒకరోజు గాలివాన పడ్డాక తలుపులో నీళ్లు డబడబలాడటం మొదలైంది. షీట్లతో పాటు కంతలు కూడా మూసేశారు.

ఆ కారు వైశాలికి తీసుకెళ్తే, దీదీ ఒక ముక్క పీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇది డాబా కారకుండా కప్పు మీద వేసే తారు షీటు, కారుకు కాదు అని హిందీలో చెప్పింది. అదే సమయానికి నా భార్య ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడాను. ఫోన్ పెట్టేసేసరికి ఆమె కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని నన్ను చూస్తోంది.

"తెలుగోళ్లా మీరు? మాది వరంగల్ దిక్కు" అంది.

ఆ నిమిషం నుంచి నేను తమ్మీ, ఆమె అక్క. హీట్ గన్‌తో వేడిచేస్తూ, గీకుతూ, కిరోసిన్ గుడ్డతో తుడుస్తూ ఆ తారంతా వదిలించడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు నా ఎక్సెల్ చూపించాను. ఈసారి మంచి సరుకుతో మొత్తం చేయించాలని నా ఆలోచన. ఆమె ఫోన్ తెర వైపు మర్యాదకు ఒకసారి చూసి తిరిగి ఇచ్చేసింది. ఖాళీ అయిన తలుపు రేకును కుండ కొనేవాళ్లు కొట్టి చూసినట్టు వేలి కణుపుతో అక్కడా అక్కడా కొట్టింది. మోగే రేకుకు బరువు కావాలట, గాలిలో వచ్చే రొదకు దూది లాంటిది కావాలట, సందుల్లోంచి దూరేదానికి కొత్త రబ్బరు కావాలట. ఒకదాని పని ఇంకొకటి చేయదట. రేకు మొత్తం కప్పకపోతే ఎలా ఆగుతుందని అడిగాను.

"చప్పట్లు ఆపాలంటే రెండు చేతులు పట్టుకుంటామా తమ్మీ? ఒక్కటి పట్టుకుంటే సాలు" అంది.

తర్వాత తన ప్రశ్న అడిగింది. ఏ చప్పుడు? టైర్ల చప్పుడు, బయటి హారన్లు, ఇంకా అలాంటివి అన్నాను. మా అమ్మాయి ఆ రోజు నాతోనే వచ్చింది. వైశాలి ఇంటికి దగ్గర కాబట్టి ఆటోలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎలాగో ఓర్చుకుంది. షాపులో స్టూలు మీద కూర్చుని, తల ఎత్తకుండా, నాలుగున్నాయి అని హిందీలో అంది.

అక్క తలుపు మీది చెయ్యి తీసేసి దాని వైపు తిరిగింది. ఏవేవి అని అడిగింది. ఒకటి కిటికీ పైనుంచి వచ్చే ఈల, వేగం పెరిగితే మొదలవుతుంది. రెండోది కాళ్ల కింద గరగర. మూడోది వెనక ఏదో ఇనుము ఠక్కుమంటుంది, గతుకు దాటాక ఒకసారి కాదు, రెండుసార్లు. నాలుగోది చెప్పడానికి మాటలు దొరక్క, పెదాలు మూసి గొంతులోంచి సన్నగా ఒక మూలుగు తీసింది.

ఇంతకాలం నేను తనకు చెప్పింది ఒకటే. ఏం లేదమ్మా, అంత శబ్దమేం లేదు. డాక్టర్లు కూడా పట్టించుకోకుండా ఉండటం ఎలాగో నేర్పేవారు. ఆ నాలుగింటి సంగతి మమ్మల్నెవరూ అడగలేదు, మేమూ దాన్ని అడగలేదు.

తలుపు ప్యాడ్లు తాత్కాలికంగా బిగించి, ముగ్గురం కారెక్కాం. అక్క ముందు కూర్చోలేదు. వెనక మా అమ్మాయి పక్కన, బట్టల మీద గీసే సుద్దముక్క పట్టుకుని కూర్చుంది. కాలువ రోడ్డు పట్టుకుని, ఫ్లైఓవర్ ఎక్కి దిగి రమ్మంది. ఆరో నిమిషంలో అద్దంలో చూస్తే మా అమ్మాయి అప్పటికే వేళ్లు చెవుల్లో పెట్టేసుకుంది, ముందుకు వంగడం మొదలైంది. ఆపేస్తాను అక్కా అన్నాను.

ఆమె మా అమ్మాయి వైపు వంగింది. దానితో తెలుగులో, మామూలుగా, సూది ఇటివ్వమని అడిగినట్టు అంది: "రెండు చెవులు మూస్కుంటే నాకు దొరకది బిడ్డా. ఒక్కటి తెరువు. ఒక్కటి సాలు."

మా అమ్మాయి ఎడమ చెవి మీది వేలు తీసింది. కుడి చెవిలో వేలు అలాగే ఉంచుకుని, రెండో చేత్తో కిటికీ పై మూల చూపించింది. అక్క అక్కడ ఒకటి అని సుద్దతో రాసింది. తర్వాత కాళ్ల దగ్గర రెండు. ఫ్లైఓవర్ అతుకు దాటినప్పుడు డిక్కీ వైపు తల తిప్పింది, మూడు. నాలుగోదానికి చాలాసేపు పట్టింది. దాని మొహమంతా చెమట. చివరికి కుడి వెనక చక్రం వైపు వేలు పెట్టింది. అక్క సీటు మీదికి వంగి చెవి ఆనించింది, నన్ను నెమ్మదిగా పొమ్మంది, వేగంగా పొమ్మంది. ఆమెకు ఏమీ వినపడలేదు. నాకూ వినపడలేదు. నేను ఎప్పటిలాగే, ఏం లేదేమో అక్కా అనబోయాను.

"ఉన్నది" అంది ఆమె. "నాకు ఇనవడతలేదు, గని ఉన్నది."

షాపుకు తిరిగొచ్చేసరికి పద్దెనిమిది నిమిషాలైంది. మా అమ్మాయి దిగి, టైర్ల కొట్టు గోడ పక్కన వాంతి చేసుకుంది. అక్క దాని నోరు కడిగి, మరచెంబు చేతికిచ్చి, వీపు నిమిరింది. ఆ రోజు నేనెంత సిగ్గుపడ్డానో నా భార్యకు కూడా చెప్పలేదు.

మొదటి మూడూ అక్క సాయంత్రంలోగా పట్టేసింది. కిటికీ పైన తలుపు రబ్బరు ఎండి గట్టిపడింది. నేల కింద రాళ్లు తగలకుండా ఉండే ప్లాస్టిక్ తొడుగు ఊడి వేలాడుతోంది. డిక్కీలో స్టెప్నీ పక్కన జాకీ వదులుగా ఉంది. నాలుగోదాన్ని మాత్రం తాను ముట్టుకోనంది. వెనక చక్రం దగ్గర మంచి రబ్బరు షీటు వేస్తే ఆ మూలుగు పాపకు వినపడదు కదా అన్నాను. అప్పుడు మాత్రం ఆమె గొంతు కొంచెం గట్టిపడింది.

"గది కప్పేటి చప్పుడు కాదు తమ్మీ. సూసుకునేటి చప్పుడు. ముందు మెకానిక్ కాడికి పో."

టైర్ల కొట్టు దగ్గరి మెకానిక్ చక్రం ఊడదీసి బేరింగ్ నా అరచేతిలో పెట్టాడు. లోపలి గుండ్లు చెక్కుకుపోయి ఉన్నాయి. ఇంకొన్నాళ్లు ఇలాగే తిరిగి ఉంటే హైవే మీద చక్రం బిగుసుకుపోయేదన్నాడు. ఇంత తొందరగా ఎలా కనిపెట్టారని అడిగాడు. అక్క స్టూలు మీద కూర్చున్న మా అమ్మాయిని చూపించింది. ఆ మెకానిక్ చేతులు తుడుచుకుని వచ్చి దానికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. దాని చెవుల గురించి ఎవరైనా మెచ్చుకోవడం నేను చూడటం అదే మొదలు.

సరుకు ఎంచడంలో అక్కకు తనవైన పరీక్షలుండేవి. కొత్త షీటు ఏది వచ్చినా ఒక ముక్క షాపు రేకు కప్పు మీద ఎండలో పడేసేది. నెలరోజులకు జారినా, కారినా, జిగురు బయటికి వచ్చినా అది పనికిరాదు. ఫోము ముక్కను రాత్రంతా బకెట్లో ముంచి పొద్దున పిండేది. నీళ్లు పట్టుకుంటే వద్దు. కార్పెట్ కింద అందరూ వేసే నార దుప్పటి ఆమె వేసేది కాదు. వానాకాలం అండర్‌పాసుల్లో ఒక్కసారి నీళ్లు ఎక్కితే అది దీపావళి దాకా ఆరదనేది. ఇంకో ముక్కకు సందులో నిలబడి అగ్గిపుల్ల అంటించేది. తనంతట తాను ఆరిపోయిందే లోపలికి వచ్చేది.

ఇవన్నీ దాటినవాటిలోంచి మూడు ముక్కలు వేరు వేరు డబ్బాల్లో పెట్టి మా అమ్మాయికి ఇచ్చింది. రాత్రికొకటి దిండు కింద పెట్టుకుని పడుకోవాలి, పొద్దున తలనొప్పి వస్తే అది వద్దు. రబ్బరు ముక్క మీద పిల్లను పడుకోబెట్టడమేంటని నా భార్య విసుక్కుంది. మూడో రోజు మా అమ్మాయి రెండో డబ్బా పట్టుకుని వచ్చి, దీని వాసన త్వరగా అయిపోతుంది అంది. అక్క అదే వేసింది. పైకప్పు దగ్గరికి వచ్చేసరికి, ఎండ కోసమైనా అక్కడ ఒక పొర వేయించాలని నేను పట్టుబట్టాను. అమ్మాయి వద్దంది. వాన చప్పుడు తనకు ఇష్టమట. అది నాకు అప్పటిదాకా తెలియదు. పైకప్పు అక్క ముట్టుకోలేదు.

అన్నీ అయ్యాక ఒక్కసారిగా అద్భుతమేమీ జరగలేదు. మొదటిసారి ఇరవై ఐదు నిమిషాలు కూర్చుంది. పక్కన ఒక బస్సు ఎయిర్ హారన్ కొడితే మళ్లీ మొదటికొచ్చింది. ఒక వారం బాగుండేది, ఒక వారం ఉండేది కాదు. కానీ కేంద్రంవాళ్లు మా సమయం ఇంకెవరికీ ఇవ్వలేదు. జూలైలో ఒకరోజు యమున వంతెన మీద ట్రాఫిక్‌లో ఆగి ఉండగా వెనకనుంచి, నాన్నా నువ్వు గట్టిగా ఊపిరి పీలుస్తున్నావు అంది. మొదటిసారి తన చెవికి కారు కాకుండా నేను వినపడ్డాను.

ఆ తర్వాత ఆదివారాలు షాపుకు వెళ్లడం మాకు అలవాటైంది. దీదీ అనొద్దు, పెద్దమ్మ అను అని అక్క దానికి చెప్పింది. ఏ చప్పుడో చెప్పలేని కస్టమర్లను ఆదివారం రమ్మనేది. అక్కా మా అమ్మాయీ ఆ కారు వెనక సీట్లో ఎక్కి ఒక చుట్టు తిరిగి వచ్చేవారు. ముందు కూర్చున్న పెద్దమనిషి తన లక్షల కారు గురించి ఒక పిల్ల ఏం చెబుతుందోనని భయంగా అద్దంలో చూస్తుండేవాడు. అలసిపోతే అది చెప్పాలి, దాచుకోకూడదు అన్నది అక్క నియమం. అలసిపోయానన్న రోజు ఎంత పెద్ద కారైనా వెనక్కి పంపేసేది.

ఇంట్లో మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్ల, అక్కతో తెలుగు మొదలుపెట్టింది. అదీ అక్క తెలుగే. నా భార్యది తెనాలి. ఒకరోజు వంటింట్లో ఉండగా ఇది వెళ్లి, అమ్మా గీ సప్పుడు ఏడికెళ్లి వస్తుంది అని అడిగింది. నా భార్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత నాతో, మన భాష మనం నేర్పలేకపోయాం, పోనీ ఏదో ఒక తెలుగు వచ్చింది అని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ ఆదివారం తానూ షాపుకు వచ్చి, గోంగూర పచ్చడి సీసా అక్క మిషను మీద పెట్టింది.

తన గురించి అక్క ఎక్కువ చెప్పేది కాదు. భర్త ఒక ఆఫీసరు కారు నడిపేవాడనీ, ఆయన పోయాక సీటు కవర్లు కుట్టడం మొదలుపెట్టాననీ ఒక్కసారి అంది. ఒక కూతురు, వరంగల్‌లో కాపురం. ఇన్ని కార్లు బాగుచేశావు కదా, ఎప్పుడైనా దూరం వెళ్లావా అక్కా వాటిలో అని నేనొకసారి అడిగాను. నాకేం పని తమ్మీ, నాకు మెట్రో ఉంది అంది.

పోయిన చలికాలం ఢిల్లీని కమ్మే కాలుష్యపు పొగ మొదలైనప్పుడే ఆమెకు దగ్గు పట్టుకుంది. మాస్కు పెట్టుకోమని అందరికీ చెప్పేది, జిగురు పూసేటప్పుడు తాను పెట్టుకునేది కాదు. ఊపిరితిత్తులు పాడయ్యాయని తెలిసేసరికి ఆలస్యమైంది. ఆసుపత్రిలో పన్నెండు రోజులుండి, ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లవచ్చని డాక్టర్లు చెప్పిన రోజు ఆమె నాకు ఫోన్ చేసింది. కూతురు సాయంత్రం రైలుకు వస్తోందనీ, ఆటోలో కుదుపుకు దగ్గు లేస్తోందనీ, వీలైతే కారు తెమ్మనీ అడిగింది. నన్ను ఆమె ఏదైనా అడగడం అదే మొదటిసారి, అదే చివరిసారి.

అది శనివారం మధ్యాహ్నం. మా అమ్మాయి తానూ వస్తానంది. ఆసుపత్రి వార్డుల చప్పుళ్లకు భయపడతావేమో, కారులోనే కూర్చో అన్నాను. వినలేదు. లిఫ్టులో కళ్లు గట్టిగా మూసుకుని నా చొక్కా పట్టుకుంది, అంతే. అక్క బాగా చిక్కిపోయింది. చక్రాల కుర్చీలోంచి లేపి వెనక సీట్లో కూర్చోబెట్టాను. మా అమ్మాయి పక్కన చేరి, శాలువా కప్పి, తలుపు తానే నెమ్మదిగా వేసింది. అక్క ఆ తలుపు పడిన చప్పుడు విని తలూపింది.

శీతాకాలపు ఎండ పలచగా ఉంది. నేను గతుకులు తప్పించుకుంటూ ముప్ఫై దాటకుండా నడిపాను. కాసేపు వాళ్లిద్దరూ ఏదో గుసగుసగా మాట్లాడుకున్నారు. కాలువ రోడ్డు మీదికి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. అద్దంలో చూశాను. అక్క తల మా అమ్మాయి భుజం మీద వాలి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. దగ్గు లేదు, శాలువా మెల్లగా లేచి పడుతోంది. ఆసుపత్రిలో పన్నెండు రాత్రులు సరిగా నిద్ర లేదని నర్సు చెప్పింది. మా అమ్మాయి ఊపిరి కూడా బిగబట్టినట్టు కదలకుండా కూర్చుంది.

వైశాలిలో అక్క ఉండే వీధి మలుపు వచ్చింది. అప్పటికి మేం బయలుదేరి యాభై నిమిషాలు దాటింది. ఇండికేటరు వేశాను.

"నాన్నా, ఆపకు" అంది మా అమ్మాయి, చాలా మెల్లగా. "పెద్దమ్మకు నిద్ర వట్టింది. ఇంకో రౌండ్ తిప్పు."

ఇండికేటరు తీసేసి నేరుగా పోనిచ్చాను. ఇందిరాపురం చుట్టూ తిరిగి, మళ్లీ కాలువ రోడ్డు మీదికి వచ్చాం. మలుపు దగ్గర నేను వేగం తగ్గించినప్పుడల్లా అది అద్దంలోంచి నన్ను చూసి తల అడ్డంగా ఊపేది. అలా మూడు రౌండ్లు తిరిగాం.